తమాన్ నెగారాలో గైడుతో మూడు రోజుల అడవి నడక: బెజవాడ నుంచి నలుగురం, ఎలా సిద్ధపడాలి?

పటమట వాసి

నమస్కారమండి. మే రెండో వారంలో మలేసియా వెళ్లి తమాన్ నెగారా అడవిలో గైడుతో మూడు పగళ్లు, రెండు రాత్రులు నడవాలని అనుకుంటున్నాం. నలుగురం: నాకు 46, మా ఆవిడకు 42, అబ్బాయికి 15, బావమరిదికి 38. ఎవరికీ బీపీ, షుగరు లేవు. రోజూ కాలువ గట్టున ఐదారు కిలోమీటర్ల నడక అలవాటే గానీ బరువు మోస్తూ నడిచింది లేదు. మా ఆవిడ శాకాహారి.

ఇంకా పది వారాల టైముంది. గైడును కుదుర్చుకునే ముందు ఏమేం అడగాలి? బెజవాడ ఎండలకు అలవాటు పడ్డ ఒంటికి అక్కడి ఉక్క ఇబ్బంది పెడుతుందా? పొగాకు నానబెట్టిన నీళ్లు సాక్సులకు పట్టిస్తే జలగలు దగ్గరికి రావంటున్నారు, నిజమేనా? టీకాలు, మందులు ఏవి కావాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కొండవీటి బాట

మే నెల ఎంచుకోవడం మంచిదేనండి. ఆ అడవి ఈశాన్య రుతుపవనాల దారిలో ఉంది, నవంబరు నుంచి జనవరి దాకా నదులు పొంగి దారులు మునుగుతాయి. మార్చి నుంచి సెప్టెంబరు దాకా నడవొచ్చు. అలాగని మేలో వాన పడదనుకోవద్దు. మధ్యాహ్నం దాటాక గంటసేపు కుండపోతగా కురిసి ఆగిపోవడం మామూలే.

ముందు ఉక్క సంగతి. 44 డిగ్రీలు తట్టుకున్నవాళ్లకు అక్కడి 31, 32 డిగ్రీలు ఏపాటివి అనిపిస్తుంది. పొరపాటు పడేది అక్కడే. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఆ చెట్ల కింద తేమ 90 శాతం దగ్గర ఉంటుంది, గాలి ఆడదు. చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. బరువుతో ఎక్కుతుంటే గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. అందుకని దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. రోజుకు మనిషికి రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు లెక్కేసుకోండి. లీటరుకని రాసి ఉన్న ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీళ్లకే. అర లీటరు సీసాలో మొత్తం పోస్తే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఉప్పేమీ లేకుండా ఉత్త నీళ్లే గటగటా తాగుతూ పోయినా ప్రమాదమే: తలనొప్పి, వికారం మొదలై మనిషి మందకొడి అయిపోతాడు.

దూరాల లెక్క కూడా మార్చుకోవాలి. కాలువ గట్టున గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లు అక్కడ గంటకు కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర. వేర్లు, జారే బంకమట్టి, అడ్డంగా పడ్డ మానులు, దాటాల్సిన వాగులు. నడక మొదలయ్యే కువాలా తహాన్ ఊరి నుంచి బుంబున్ కుంబాంగ్ అనే మంచె దాకా 11 కిలోమీటర్లు, ఐదారు గంటల నడక. గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, పొద్దు ఏడుంబావు ప్రాంతంలో గూకుతుంది. చెట్ల కింద మాత్రం ఆరున్నరకే మసక. అందుకే పొద్దున ఎనిమిదికి బయల్దేరి నాలుగున్నరకల్లా మకాం చేరేట్టు నడిపించే గైడే మంచి గైడు.

కుదుర్చుకునే ముందు వాళ్లను ఇవి అడగండి. మాతో నడిచే మనిషికే లైసెన్సు ఉందా, లేక ఆఫీసులో కూర్చునే మనిషికి ఉందా? ఒక్క గైడుకు ఎంతమంది? ఆరు దాటితే వద్దనండి. నలుగురే ఉన్నా వేరే బృందంతో కలిపేస్తారేమో ఖాయం చేసుకోండి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? సిగ్నల్ లేనిచోట కాలు బెణికితే కబురు ఎలా పంపుతారు, పడవ చేరగల రేవు అక్కడికి ఎన్ని గంటల దూరం? రేటులో పర్మిట్లు, పడవ, పరుపు, దోమతెర, వంట సామాను ఉన్నాయా? సామాను ఎవరు మోస్తారు? అక్కడ ఎక్కువగా ఎవరి తిండి, ఎవరి నీళ్లు వాళ్లే పంచుకుని మోయాలి. ఇది ముందే తెలియక మొదటి రోజు పొద్దున మూడు కిలోలు అదనంగా భుజానికెక్కినవాళ్లు చాలామంది.

నీళ్ల విషయం ఒకటి ప్రత్యేకంగా అడగాలి: వాన పడి వాగు పొంగితే మీరు ఆగుతారా, దాటిస్తారా? తేటగా ఉన్న వాగు ఉన్నట్టుండి ఎర్రగా మారి ఆకులూ పుల్లలూ తేలుతూ వస్తున్నాయంటే పైన వాన పడిందనే. కృష్ణ ఒడ్డున పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. "గంటా రెండు గంటలు ఆగుతాం, తగ్గకపోతే ఈ పక్కనే మకాం వేస్తాం" అని జవాబిచ్చే గైడును తీసుకోండి. దాటేటప్పుడు నడుం బెల్టు, ఛాతీ బెల్టు విప్పేసి ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి పక్కకు అడుగేయాలి. పడితే సంచి వదిలించుకోగలగాలి.

సాధన మన దగ్గరే చేసుకోవచ్చు. మంగళగిరి కొండ మెట్లు, కొండపల్లి కోట, గుంటూరు వైపైతే కొండవీడు. వారానికి మూడు రోజులు, తెల్లవారుజామున. మొదటి రెండు వారాలు ఉత్త చేతులతో, మూడో వారం నుంచి సంచిలో నాలుగు కిలోలు, తర్వాత రెండు వారాలకోసారి రెండేసి కిలోలు పెంచుకుంటూ పది దగ్గర ఆపండి. నీళ్ల సీసాలతో బరువు పెడితే మోకాళ్లు నొప్పెట్టినప్పుడు పారబోసి దిగొచ్చు. దిగేటప్పుడు తొందరపడొద్దు, తొడ కండరాలు గట్టిపడేది దిగుడులోనే. ఆఖరి మూడు వారాలు బూట్లు, సాక్సులు నీళ్లలో ముంచి తడిగానే వేసుకుని గంటసేపు నడవండి. పొడి కాలికి అమిరిన బూటు తడి కాలికి ఎక్కడ ఒరుసుకుంటుందో ఇక్కడే తెలిసిపోతుంది.

మిర్చియార్డు రోడ్డు

పొగాకు నీళ్ల మాట మన గుంటూరు పక్క అందరూ అంటారు. జలగలు పారిపోయేది నిజమే. కానీ వద్దండి. నికోటిన్ తడి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తడి ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు వచ్చేది ఇందుకే. అక్కడ రోజంతా కాళ్లు తడిగానే ఉంటాయి, పైగా మొదటి వాగు దాటగానే ఆ నీళ్లు కొట్టుకుపోతాయి. రెండు గంటల లాభానికి ఆ ముప్పెందుకు?

జలగను ఆపేది మందు కాదు, గుడ్డ. నేత దట్టంగా ఉన్న గుడ్డతో మోకాలి దాకా కుట్టిన జలగ సాక్సులు వేసుకోవాలి. మామూలు సాక్సు అల్లికలో సందులుంటాయి, సన్న దారంలా సాగి దూరిపోతుంది. క్రమం ఇది: ముందు మామూలు సాక్సు, దాని మీద ప్యాంటు అంచు, ఆ రెంటి మీద జలగ సాక్సు, ఆ పైన బూటు. చొక్కా ప్యాంటులోకి దోపాలి. మెడకు తువ్వాలు. లేత రంగు గుడ్డయితే పైకి పాకే జలగ కనబడుతుంది. నేల మీద ఉండే గోధుమరంగు జలగ కరిచినా తెలియదు. ఆకుల మీద కాచుకుని ఉండే చారల జలగ కరిస్తే చురుక్కుమంటుంది. అరగంటకోసారి ఒకరి కాళ్లు ఒకరు చూసుకోండి.

పట్టుకుంటే లాగొద్దు. ఉప్పు, అగ్గిపుల్ల, నిమ్మరసం కూడా వద్దు. కంగారులో అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది, పుండు పడుతుంది. సన్నగా ఉండే కొస నోరు. దాని పక్కన చర్మాన్ని ఒక వేలితో బిగించి, గోరును చర్మానికి ఆనించి ఆ కొస కిందికి పక్కగా తోయండి. నోరు ఊడగానే లావు కొస కూడా అలాగే. ఊడిన జలగ వేలికి అంటుకుంటుంది, రెండు వేళ్ల మధ్య ఉండలా నలిపితే పట్టు వదులుతుంది, అప్పుడు విసిరేయాలి. నెత్తురు గంటల తరబడి కారొచ్చు. దాని లాలాజలంలో నెత్తురు గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది, అంతకు మించి భయపడాల్సింది లేదు. సబ్బుతో కడిగి, గుడ్డ మడిచి పది నిమిషాలు గట్టిగా అదిమి, ప్లాస్టరు వేయండి. అసలు ఇబ్బంది మర్నాడు వచ్చే దురద. గోకితే చీము పడుతుంది. ఎవరైనా నెత్తురు పల్చబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే డాక్టరుతో మాట్లాడాలి.

బట్టల్లో జీన్సు, నూలు చొక్కాలు వద్దు, తడిస్తే మూడు రోజులూ ఆరవు. పాలిస్టరు ఆటల టీషర్టు, పల్చని ప్యాంటు చాలు. రెండే జతలు: ఒకటి తడి జత, ఒకటి పొడి జత. పొడి జత రాత్రి పడుకునేటప్పుడే వేసుకోవాలి. పొద్దున లేచి మళ్లీ ఆ తడి, చల్లటి, వాసనేసే జతే తొడగాలి. చాలామంది ఇక్కడ ఓడిపోతారు. రెండో రోజు పొద్దున "కాసేపే కదా" అని పొడి జత వేసుకుంటారు, పది నిమిషాల్లో అదీ తడుస్తుంది, ఆ రాత్రి ఒంటిమీదికి పొడి గుడ్డ ఉండదు. తొడల ఒరుపు, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని పగలడం, గజ్జల్లో తామర, అన్నీ దాన్నుంచే మొదలవుతాయి. రాత్రి కాళ్లు తుడుచుకుని అరగంట గాలికి ఆరనిచ్చి క్లోట్రిమజోల్ పొడి చల్లుకోండి. తొడలకు పొద్దునే వ్యాజలీన్.

సంచికి పైన వేసే వాన తొడుగును నమ్మొద్దు, నీళ్లు వీపు వైపు నుంచి దిగుతాయి. వన్‌టౌన్‌లో ప్లాస్టిక్ సంచులు అమ్మే కొట్లలో మందపాటి పాలిథిన్ సంచి, మీ బ్యాగు కన్నా ఒక జానెడు పొడవుది తీసుకోండి. దాన్ని బ్యాగు లోపల పరిచి సామానంతా అందులో పెట్టి, గాలి నొక్కేసి, మూతి మెలిపెట్టి, వెనక్కి మడిచి రబ్బరు వేయండి. పొడి జత, దుప్పటి మళ్లీ విడిగా ఇంకో సంచిలో. ఫోను, పాస్‌పోర్టు ఇంకోదాంట్లో. ఇంటి దగ్గరే బ్యాగును బకెట్టు నీళ్లతో తడిపి లోపల చూసుకుంటే సరి.

బూట్లకు నీళ్లు చొరని ఖరీదైన రకం వద్దన్నా! వాగులో పైనుంచి నిండిన నీళ్లు అందులోంచి బయటికి పోవు. మలేసియాలో గైడ్లు ఎక్కువగా అచ్చు పోసిన రబ్బరు బూట్లు వేసుకుంటారు, అడుగున పళ్లుంటాయి, చవక, బంకమట్టిలో పట్టు బాగుంటుంది. కానీ వాటికి అలవాటు లేని పాదం మూడు రోజులు ఓర్చదు. మీరు సాధన చేసిన బూట్లతోనే వెళ్లండి.

జ్వరాల వార్డు

టీకాలు, మందుల గురించి. ఇది మీ డాక్టరును అడగడానికి పనికొచ్చే సమాచారం, మందుచీటీ కాదు.

నాలుగు వారాల ముందే డాక్టరును కలవండి. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు కనీసం రెండు వారాల ముందు పడాలి. ధనుర్వాతం టీకా వేసుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. డెంగీకి దోమలు కుట్టకుండా చూసుకోవడమే దారి, ఆ దోమ పగలే కుడుతుంది. డీట్ అనే దోమలను తరిమే రసాయనం 30 శాతం ఉన్న మందు బట్ట కప్పని చోట్ల రాయండి. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కళ్లజోడు, వాచీ పట్టీ జాగ్రత్త.

మలేసియా అడవుల్లో కోతుల నుంచి దోమల ద్వారా మనిషికి వచ్చే మలేరియా ఉంది, దాని పేరు నోలెసీ. ఈ పరాన్నజీవి 24 గంటలకోసారి కొత్త తరాన్ని పుట్టిస్తూ పెరిగిపోతుంది కాబట్టి రోగి త్వరగా క్షీణిస్తాడు. నివారణ మందు అవసరమా కాదా అన్నది మీరు వెళ్లే చోటును బట్టి డాక్టరు తేలుస్తారు. డాక్సీసైక్లిన్ రాస్తే పెద్దవాళ్లకు మామూలుగా రోజుకు 100 మి.గ్రా., వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా. మధ్యలో ఆపకూడదు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. పాలతో వద్దు. ఎండకు చర్మం కమిలే గుణం ఉంది. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఇస్తారు కాబట్టి మీ అబ్బాయికి వయసు అడ్డం కాదు. గర్భిణులకు పనికిరాదు.

ఎలుకల మూత్రం కలిసిన వాగు నీళ్లు కాళ్ల గాయాల్లోంచి దిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మర్నాడు వాగు దాటాల్సి ఉంటే గాయాల మీద నీళ్లు చొరని ప్లాస్టరు వేయండి. గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం మన రాష్ట్రంలోనూ ఉన్నదే. దానికి గుర్తు చిన్న సిగరెట్టు కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు, చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ దగ్గర.

వచ్చాక నెల లోపల జ్వరం వస్తే, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉన్నా లేకున్నా, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి "మలేసియా అడవిలో నడిచొచ్చాం" అని మొదటి మాటగా చెప్పండి. మన దగ్గర చేసే కార్డు పరీక్ష నోలెసీని పట్టుకోలేకపోవచ్చు, నెత్తురు చుక్కను గాజు పలక మీద సూక్ష్మదర్శినితో చూడమని అడగాలి. చెప్పకపోతే వైరల్ జ్వరమని మూడు రోజులు గడిచిపోతాయి.

కోతి గాని గబ్బిలం గాని కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వెనక్కి రండి, రేబిస్ టీకాకు ట్రెక్కు పూర్తయ్యేదాకా ఆగొద్దు. గుహలో పడుకునే ఏర్పాటైతే గబ్బిలాల రెట్టకు దూరంగా, గుహ నోటి దగ్గర పక్క వేయమనండి.

పటమట వాసి

ముగ్గురికీ చాలా కృతజ్ఞతలండి. ఇంకో రెండు. మా ఆవిడ తిండికి ఏం చేయాలి? జలగ సాక్సులు ఇక్కడ టైలరుతో కుట్టించుకోవచ్చా? ఏనుగులు, పులులు కనబడతాయని మావాడు ఆశ పెట్టుకున్నాడు.

తెనాలి వంటిల్లు

శాకాహారమని చెబితే సరిపోదమ్మా. అక్కడ కూరాకుల వేపుడులో, సంబల్ అనే మిరప పచ్చడిలో బెలచాన్ వేస్తారు, అది ఎండు రొయ్యల ముద్ద. కళ్లకు కనబడదు. "బెలచాన్ వద్దు, చేప సాసు వద్దు, గుడ్డు తింటారా లేదా" అని పేరు పెట్టి గైడుకు రాసి పంపించండి. అడవిలో వాళ్లు వండేది అన్నం, నూడుల్సు, డబ్బా చేపలు. అన్నం విడిగా వండి పక్కకు తీయమంటే మిగతాది మన చేతిలో ఉంటుంది. కందిపొడి మనిషికి రోజుకు నాలుగు చెంచాల లెక్కన, వేరుశనగ చిక్కీలు, వేయించిన అటుకులు, కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లలోనే. కందిపొడి ప్యాకెట్టు విప్పిన ప్రతిసారీ తేమ తగిలి ఉండ కడుతుంది, కాబట్టి అక్కడికి చేరాక ఒక్కో పూటకు ఒక్కో పొట్లం కట్టండి. పచ్చళ్లు చెక్-ఇన్ సామానులో మాత్రమే. మాంసం, పళ్లు, విత్తనాలు పట్టుకెళ్లొద్దు.

కొండవీటి బాట

అబ్బాయికి ముందే చెప్పండి. పార్కు 4,343 చదరపు కిలోమీటర్లు, మీరు మూడు రోజుల్లో చూసేది దాని అంచు. మలేసియా అడవులన్నిట్లో కలిపి పులులు 150 కన్నా తక్కువే ఉన్నాయని అంచనా. ఏనుగు లద్దె, టాపిర్ (పందిలా ఉండి చిన్న తొండం ఉన్న జంతువు) అడుగులు, హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి రెక్కల చప్పుడు దొరుకుతాయి. రెక్కలు కొడుతుంటే రైలింజను ఆవిరి వదిలినట్టు వినబడుతుంది, తల పైకెత్తితే చాలు. మంచె దగ్గర రాత్రి రెండు గంటలేసి వంతులుగా మేలుకుని టార్చి వేసి చూస్తే జంతువులు నాకడానికి వచ్చే ఉప్పు నేల దగ్గరికి జింకలో, టాపిరో రావొచ్చు.

ఇంకొకటి చెప్పండి వాడికి: చేయి ఆసరా పెట్టే ముందు చూసి పట్టుకోవాలి. పేము తీగల తొడిమల నిండా ముళ్లు, కొసల్లో కొక్కేలు. బట్టకు తగులుకుంటే ముందుకు లాగితే చిరుగుతుంది, చర్మమైతే చీరుకుంటుంది. ఒకడుగు వెనక్కి వేస్తే దానంతటదే ఊడుతుంది. మకాం వేసేచోట తల పైకెత్తి ఎండు కొమ్మలు లేవని చూసుకోవాలి. వానకు నానిన కొమ్మ గాలి లేకుండానే విరిగి పడుతుంది.

ప్రయాణానికి: చెన్నై నుంచో హైదరాబాదు నుంచో కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. అక్కడి నుంచి జెరాంతుత్ ఊరి మీదుగా కువాలా తహాన్, రోడ్డు మీద సగం రోజు పోతుంది. దిగిన రోజే అడవిలోకి పోయే ప్లాను వేయొద్దు, ఒక రాత్రి కువాలా తహాన్‌లో పడుకుని, పొద్దునే పర్మిట్ తీసుకుని బయల్దేరండి. తిరుగు విమానానికి కూడా ఒక రోజు ఖాళీ ఉంచండి, వాగు పొంగితే అదే కాపాడుతుంది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాలి. మలేసియా డిజిటల్ రాక కార్డు చేరే ముందు మూడు రోజుల్లో నింపాలి, వీసా నిబంధన టికెట్టు కొనే రోజు చూసుకోండి. బీమా తీసుకునేటప్పుడు ట్రెక్కింగు, అడవి నుంచి మోసుకొచ్చే ఖర్చు రెండూ పాలసీలో రాసి ఉన్నాయా చదవండి, ఫోనులో చెప్పిన మాట చాలదు.

మిర్చియార్డు రోడ్డు

సాక్సులు కుట్టించుకోవచ్చండి, కష్టమేం లేదు. మందపాటి పాప్లిన్ తీసుకోండి, జతకు మీటరు చాలు. కొనే ముందు గుడ్డను దీపానికి అడ్డంపెట్టి చూడండి, చుక్కలు చుక్కలుగా వెలుతురు కనబడితే ఆ నేత పనికిరాదు. లైనింగు గుడ్డ అసలొద్దు. కొత్త గుడ్డ ముందు ఉతికి ఆరేసి కొలవాలి, లేకపోతే మొదటి వానకే బిగుసుకుంటుంది.

టైలరుకు క్రిస్మస్ తాత బొమ్మలో వేలాడే మేజోడులా రెండు ముక్కలు కత్తిరించి అంచులు కలపమనండి. పాదం పొడవుకు మూడు సెంటీమీటర్లు, మడమ దగ్గర చుట్టుకొలతకు ఆరు, పిక్క దగ్గర ప్యాంటు మీదుగా కొలిచినదానికి ఆరు కలపాలి. మడమ దగ్గర తగ్గిస్తే పాదం దూరదు, అందరూ తప్పు చేసేది అక్కడే. కుట్టు రెండు వరసలు, మిగులు గుడ్డ బయటికి ఉండాలి. లోపలికి ఉంటే బూటులో బొబ్బ లేస్తుంది. పైన నాడా దూరేలా మడత కుట్టించి మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దగ్గర ఆగేట్టు పొడవు పెట్టించండి. నాడా కట్టాక చూపుడు వేలు దూరేంత వదులుండాలి. బిగిస్తే నాలుగు గంటల్లో పాదం తిమ్మిరెక్కుతుంది, మరీ వదిలేస్తే జలగ పైనుంచి లోపలికి దిగుతుంది. ఒక్క జత ముందు కుట్టించి, బూటు వేసుకుని మంగళగిరి మెట్లెక్కి చూశాకే మిగతా మూడు జతలు ఇవ్వండి.